సీసం గుండుకూ ఒక చరిత్ర ఉంది

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

గుమ్మఘట్ట అంటే బయటోళ్లకు కరువు ఒక్కటే గుర్తొస్తాది. కానీ వేదవతి మీద కట్టిన భైరవానితిప్ప ప్రాజెక్టు మన మండలంలోనే ఉంది. ఆ ఏటినే మనం హగరి అంటాం. డ్యామ్ 1961లో పూర్తయింది. పైన కర్ణాటకలో ఇదే ఏటి మీద వాణీవిలాస సాగరం ఉంది. అది 1933లో పొర్లినాక మళ్లీ 2022లోనే పొర్లింది. మన దాకా నీళ్లు రావడం ఎంత అరుదో దీన్ని బట్టి చూడండి.

నీళ్లు వచ్చిన ఏడు విసురు వలలు బయటికి వస్తాయి. వల అంచుకు సీసం గుండ్లు ఉంటేనే అది గుండ్రంగా విచ్చుకుని గబుక్కున మునుగుతాది. ఈ గుండ్లు ఇంట్లోనే పోస్తారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతాది, కట్టెల పొయ్యి చాలు. రాగికైతే 1,085 డిగ్రీలు కావాలి. బరువు చూస్తే ఘన సెంటీమీటరు ఇనుము 7.9 గ్రాములు, సీసం 11.3 గ్రాములు. ఇప్పుడు మన పిల్లోళ్లు ఫోన్లో వీడియోలు చూసి, గాలం ముల్లు చుట్టూ సీసం పోసి, చిన్న చేప మాదిరి రంగులు కూడా వేస్తున్నారు. దాన్నే జిగ్ అంటారు.

ఈ సీసానికి మన దగ్గర పాత చరిత్ర ఉంది. సరిహద్దు అవతల చిత్రదుర్గం పక్కన చంద్రవళ్లి తవ్వకాల్లో సదకన మహారథి సీసం నాణేలు దొరికాయి. వాటి మీద ఎద్దు బొమ్మ ఉంటాది. సుమారు 2 వేల ఏళ్ల నాటివి. శాతవాహనులు కూడా సీసం నాణేలు వేశారు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో నాణేలు పోసే మట్టి అచ్చులు బయటపడ్డాయి. మంట, గరిటె, అచ్చు: పని ఇంచుమించు అదే. నాణెం మీద రాజు పేరు ఉంది. కరిగించి పోసినోళ్ల పేరు యాడా లేదు. నాణెం మ్యూజియంలో ఉంది, వల గుండు మాత్రం మన చూరు కింద వేలాడుతోంది.

ఇంకో చరిత్ర కూడా మర్చిపోకూడదు. శూద్రుడు వేదం వింటే చెవుల్లో కరిగించిన తగరం, లక్క పోయాలని గౌతమ ధర్మసూత్రంలో రాసి ఉంది. జనం నోట్లో అది సీసం అయింది. చదువు మన చెవిన పడకూడదని కరిగిన లోహంతో బెదిరించిన కాలం అది.

ఇప్పుడు ఎవురూ చెవిలో పోయరు. కానీ సీసం కరిగించే పొయ్యి పక్కనే పిల్లలు కూర్చుంటున్నారు. ఆ పొగ, ఆ బూడిద, చేతికంటిన దుమ్ము అన్నం ముద్దతో కలిసి లోపలికి పోతాయి. నొప్పి వెంటనే తెలియదు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా పర్వాలేదు అనే మట్టమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అది దెబ్బ కొట్టేది మెదడును. జ్ఞాపకం, ధ్యాస, చదువు తగ్గుతాయి. మొదటిసారి కాలేజీ మెట్టెక్కిన తరం మనది. మన వెనక వచ్చే తమ్ముళ్లకు ఈ నష్టం జరగనిద్దామా?

లోకం ఒక్కో మెట్టూ మారింది. హంసలు చచ్చిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లోనే గాలానికి కట్టే చిన్న సీసం గుండ్లను ఆపేశారు. మన దేశంలో 2000లో పెట్రోల్లోంచి సీసం తీసేశారు. ఇళ్లకు వేసే రంగుల్లో 90 పీపీఎం కంటే ఎక్కువ సీసం ఉండకూడదని 2017 నుంచి నిబంధన అమల్లో ఉంది. పక్షుల కోసం ఒక దేశం మారినప్పుడు మన పిల్లల కోసం మనం మారలేమా?

పెద్దోళ్ల పనిని తక్కువ చేసి మాట్లాడొద్దు, అది నిజమైన విద్య. కానీ పాత బ్యాటరీలు ఇంట్లో పగలగొట్టొద్దు. వంట పొయ్యి మీద, వంట గిన్నెల్లో సీసం కరిగించొద్దు. తడి అచ్చులో పోస్తే ఆవిరి లేచి సీసం మొహం మీదికి చిమ్ముతాది. వలకు ఇనుప నట్లు, గొలుసు ముక్కలు కట్టొచ్చు. జిగ్‌కు తగరం వాడొచ్చు, అది 232 డిగ్రీలకే కరుగుతాది.

సీసం రాకముందు వలకు కాల్చిన మట్టి గుండ్లు కట్టేవాళ్లు. మీ తండాల్లో, కాలనీల్లో అవి చూసిన అవ్వా తాతలు ఉంటే అడిగి కింద రాయండి. ఆ పేర్లు మనమే రాసిపెట్టుకుందాం.