వరిచేల నడుమ పశువుల మేత

పాడిగల గృహస్థులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు: "ఉన్న అరయెకరములో ఏ గడ్డి నాటవలెను?" ప్రశ్న చిన్నదే. కాని గోదావరి డెల్టాలో దాని వెనుక నూట డెబ్బది యేండ్ల చరిత్ర యున్నది.

ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. అంతకుముందు ఈ సీమ వానకును వరదకును లోబడియుండెను. నందన సంవత్సరపు కరువు (1832-33) మనుష్యులతోబాటు పశువులను గూడ కబళించినది. కాటన్ దొర కాలువలు పారిన పిమ్మట బీళ్లు మాగాణులైనవి. నీరందు నేలను మేతకై బీడు విడుచు రైతెవడు? వరి పెరిగినకొలది దుక్కిటెద్దుల అవసరము పెరిగినది. అవి మేయు చోటు తరిగినది. గరిక గట్లపైకి చేరినది. ఎద్దులను పెంచవలసిన సీమ ఎద్దులను కొను సీమయైనది. కోడెలు మెట్ట ప్రాంతములనుండి వచ్చెడివి. లంకలు కొంత ఆదుకొనెడివి గాని వరదలలో అవియు మునుగును. నాట్లు పడిన పిమ్మట మందలను మెట్టకును మన్యపు అంచులకును తోలుటయే గతి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో ప్రభుత్వపు అడవులలో మేతకు నిర్బంధములును రుసుములును బిగిసినవి. పుల్లరి యను మాట తెలుగువారికి నేటికిని చేదుగనే వినబడును. పల్నాటిలో దానికి ఎదురు నిలిచి కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణము లర్పించెను.

అడవి దూరమై, బీడు లేకపోగా, డెల్టా రైతు తన వరిచేనిలోనే మేతను వెదకుకొనెను. మాకు ఈ కథలో మిక్కిలి ముచ్చటగొలుపు భాగ మిదియే. వరికోతకు కొలది దినములు ముందు, పదను ఆరకమునుపే, నిలుచున్న పైరులో పిల్లిపెసరనో జనుమునో చల్లుదురు. దుక్కి లేదు, వేరుగ తడి పెట్టుట లేదు. కొడవళ్లు చేనిలో దిగునప్పటికి మొలక లేచియుండును. వరి పోయిన పిదప అది నేలలోని చెమ్మతో, రాత్రుల మంచుతో పెరిగి చేనంతయు కప్పును. కొంత మేపి, కొంత కోసి యెండబెట్టి, వేసవికి వరిగడ్డితో కలిపి పెట్టుదురు.

వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. వానిలో జీర్ణమగునది అత్యల్పము. పైగా అందలి ఆక్సలేటులు పశువుకు సున్నము అందనీయవు. పిల్లిపెసర, జనుము పప్పుజాతివి. ఆ రెండు లోపములను అవి పూరించును. వాని వేళ్లు నేలకు నత్రజని నిచ్చును. ఏ ప్రయోగశాలయు చెప్పకమునుపే రైతు ఈ జత కుదిర్చెను.

ఈ జత చెడినది మన కాలముననే. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు ఐఆర్-8 వరి పండించి పేరు గడించిరి. పొట్టి రకములతో గింజ పెరిగినది, గడ్డి పొట్టిదైనది. దాళ్వా వ్యాపించిన చోట పిల్లిపెసరకు చేను ఖాళీ లేదు. ట్రాక్టరు వచ్చి ఎద్దును పంపివేసినది. పాకలో మిగిలినది పాలగేదె. దానికి ఎద్దుకంటె మంచి పచ్చిమేత కావలెను. కోతయంత్రము చేనిలో చెదరగొట్టిన గడ్డిని ఏరలేక కొందరు నిప్పు పెట్టుచున్నారు.

ఇక క్రొత్త గడ్డులు. నేపియరును సజ్జతో సంకరము చేయుట మన దేశమున 1953లో కోయంబత్తూరులో జరిగినది. ఆ సంకరమునకు విత్తనము కట్టదు, కణుపులే నాటవలెను. ఏడాదికి ఆరేడు కోతలు వచ్చును గాని నీరు నిలిచిన నేలలో కుళ్లును. అట్టి పల్లమునకు పారాగడ్డి తగును. కోనసీమ కొబ్బరితోటల నీడకు గినీగడ్డి తగును.

పచ్చగా గుబురుగా కనబడినదెల్ల మేత యనుకొనరాదు. అమెరికాలోని కెంటకీలో 1931లో ఒక కొండపొలమున కనబడిన ఫెస్క్యూ గడ్డిని 1943లో 'కెంటకీ-31' అను పేర విడుదల చేసిరి. అది కరువు నోర్చుట చూచి లక్షల యెకరములలో నాటిరి. మేసిన పశువులు కుంటుటకు, చిక్కుటకు కారణము చాలకాలము తెలియలేదు. గడ్డిలోపల దాగియున్న శిలీంధ్రము 1970 దశకమున గాని పట్టుబడలేదు. ఆ గడ్డి చలిసీమలది, మన యెండకు నిలువదు. కాని మన నేపియరులోను ఆక్సలేటులు గలవు. వరిగడ్డికి ఆక్సలేటుల గడ్డినే తోడు చేసినచో గేదెకు సున్నపు కొరత రెట్టింపగును.

కావున అరయెకర మంతయు నేపియరుతో నింపవలదు. రెండు వరుసల నడుమ అలసంద వేయుడు. దాళ్వా లేని చెక్క ఒక్కటియున్నను అందు పిల్లిపెసర చల్లుడు. కాలువలు కట్టివేయు వేసవిలో, బోరు లేనిచోట, నేపియరు దుబ్బులు వాడిపోవును. అప్పటికి ఫాల్గుణములో కోసి యెండబెట్టిన పిల్లిపెసర పాకలో నుండవలెను.