మంగలికత్తియు తుప్పును



యుద్ధములందు మెఱసిన ఖడ్గములను గూర్చి చరిత్రకారులు చాల వ్రాసిరి. ఊరూరను గృహస్థుల గడ్డములు గీసిన మంగలికత్తిని గూర్చి వ్రాసినవారు తక్కువ. ఈ పూట ఆ కత్తిని గూర్చియు, దాని పగవాడైన తుప్పును గూర్చియు నాలుగు మాటలు విన్నవించెదను.

నా చిన్ననాట మా గ్రామమున క్షౌరము చేయు పెద్ద యొకాయన యుండెను. ఒక శ్రావణమాసమున ఆయన జ్వరముతో మూడు వారములు మంచము పట్టెను. అడపములోని కత్తి తడిగుడ్డలోనే యుండిపోయెను. లేచి విప్పి చూడగా అది యెఱ్ఱబాఱి యుండెను. అది ఆయన తండ్రి వాడిన కత్తి. కొడుకు తొందరపడి ఇటుకపొడితో రుద్దబోగా ఆయన చేయి పట్టుకొని యాపెను. కత్తికి నూనె పట్టించి రాత్రియంతయు నుంచెను. మఱునాడు జల్లించిన మెత్తని బూడిదను నూనెలో కలిపి, వెన్నునుండి అంచువైపునకు మెల్లగా తుడిచెను. మూడు దినములట్లు చేయగా ఎఱుపు పోయెను గాని, అంచున ఒక చిన్న గుంట మిగిలెను. సానరాతిపై ఆ గుంట పోవువఱకు అంచునే అరగదీయవలసి వచ్చెను. “బాబూ, తుప్పును తుడువవచ్చును, తుప్పు తిన్న ఇనుము మాత్రము తిరిగి రాదు” అని ఆయన నాతో ననెను.

ఆ మాట శాస్త్రసమ్మతము. ఇనుము నీటితోను, గాలిలోని ప్రాణవాయువుతోను కలిసి మాఱిన రూపమే తుప్పు. ఉప్పు తగిలినచో అది మఱింత వేగముగా పెరుగును. కత్తి అంచు మిక్కిలి పలుచన గనుక ముందుగా చెడునది అదియే. తడి యార్చుటకై కత్తిని నిప్పున కాచుట తగదు; వేడి మించినచో ఉక్కునకు పెట్టిన పదును దిగిపోవును.

తుప్పు పట్టని ఉక్కుకొఱకు జరిగిన అన్వేషణమున మన తెలుగునాటికిని సంబంధము కలదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కమ్మరులు మట్టిమూసలలో ఇనుమును కరగించి మేలైన ఉక్కు చేయుచుండిరి. వాయిసీ అను ఆంగ్ల వైద్యుడు ఆ పనిని వర్ణించిన వ్యాసము 1832లో అచ్చయ్యెను. ఇరాను వర్తకులు అచటికి వచ్చి ఉక్కు కొనుచుండిరని అందు కలదు. ఇట్టి దక్షిణదేశపు ఉక్కునే పాశ్చాత్యులు “వూట్జ్” అనిరి.

లండనులో కత్తులు చేయు జేమ్స్ స్టోడార్టు ఈ ఉక్కును మెచ్చి వాడెను. ఆయనయు, విద్యుచ్ఛాస్త్రమున ప్రఖ్యాతుడైన మైకేల్ ఫారడేయును 1818 ప్రాంతమున దీని గుణమును పరిశోధింప మొదలిడిరి. ఉక్కులో వెండి, ప్లాటినము, రోడియము మున్నగు లోహములు కలిపి, వాడిమి హెచ్చునా, తుప్పు తగ్గునా యని పరీక్షించి, 1820లోను 1822లోను వ్యాసములు ప్రకటించిరి. ఫారడే అట్టి ఉక్కుతో చేయించిన మంగలికత్తులను మిత్రులకు కానుకగా నిచ్చెను. కాని ఆ లోహములు మిక్కిలి ఖరీదైనవి. 1823లో స్టోడార్టు గతించెను. ఆ పని యాగిపోయెను.

తరువాత 1913లో షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ, తుపాకి గొట్టములు త్వరగా అరగకుండు ఉపాయము వెదకుచు, నూటికి సుమారు 13 పాళ్లు క్రోమియము కలిపిన ఉక్కును పోత పోయించెను. క్రోమియము గాలి సోకి యేర్పఱచు పలుచని పొరయే ఆ ఉక్కునకు కవచము. 1960 దశకమున అట్టి ఉక్కుతో చేసిన బ్లేడులు లోకమంతట వ్యాపించెను. రక్తముద్వారా రోగములు సోకకుండుటకై మనిషికొక క్రొత్త బ్లేడు వాడుట నేటి మంచి యాచారము.

అయినను మీ యిండ్ల అటకలపై తాతల నాటి కత్తు లుండవచ్చును. వానిని పాత యినుమువాని తక్కెడలో వేయకుడు. పొడిగుడ్డతో తుడిచి, గాలికి ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు రాచి, పొడిచోట నుంచుడు. తోలుసంచి తడిని పట్టి యుంచును గనుక అందుంచరాదు. మహాశాస్త్రజ్ఞులు ప్లాటినముతో సాధింపజూచిన దానిని మా యూరి పెద్ద ఒక గుడ్డముక్కతోను, చుక్క నూనెతోను నిత్యము సాధించుచుండెను. ఆయన ఏమఱినది మూడు వారములే. ఆ గుఱుతు కత్తి అంచున కడవఱకు నిలిచెను.