హూడి మీదుగా పోయిన బోర్డింగు పిల్లలు

బెంగుళూరునుండి జోలారుపేటకు 1864లో నడువనారంభించిన రైలుదారి హూడి ప్రక్కనుండియే పోవుచున్నది. నేడు హూడి స్టేషనులో దిగి కంప్యూటరు సంస్థల కొలువులకు పరుగులు వెట్టు తెలుగు యువజనులకు అది కార్యాలయమునకు పోవు త్రోవ మాత్రమే. కాని ఒకప్పుడు అది బోర్డింగు పిల్లల దారి. కోలారు బంగారు గనుల ఉద్యోగుల బిడ్డలు, రైల్వే తంతితపాలా శాఖలవారి బిడ్డలు, 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడయరుగారు ఒసగిన సుమారు 3,900 ఎకరముల నేలమీద వెలసిన వైట్‌ఫీల్డు ఆంగ్లో-ఇండియను వలసలోని బిడ్డలు, మూతమీద తెల్లరంగుతో పేరు వ్రాసిన రేకుపెట్టెను, చుట్టగట్టిన పరుపును వెంటబెట్టుకొని, సెలవులు ముగియగానే ఈ దారినే బెంగుళూరు దండులోని (కంటోన్మెంటులోని) బడులకు తరలుచుండిరి. ఆ బడులలో కతోలికులు నడపినవి ముఖ్యమైనవి. గుడ్ షెపర్డ్ మఠకన్యలు 1854లో వచ్చి బాలికలకును, పారిస్ విదేశ మిషను సంఘపు గురువులు 1858లో సెయింట్ జోసెఫ్ పేర బాలురకును బడులు తెఱచిరి. ఆ బాలుర విద్యాసంస్థ 1937లో యేసుసభవారి చేతికి వచ్చినది.

ఇట్టి బడులలో ఒక చక్కని ఆచారము పాదుకొన్నది. పాఠశాల వార్షిక సంచికలో ఆటల గెలుపులును, నాటక ప్రదర్శనములును ముగిసిన పిదప, కడపటి పుటలలో పూర్వవిద్యార్థుల సమాచారము ప్రకటింపబడును: ఎవరికి ఏ ఊరికి బదిలీ యైనది, ఎవరి వివాహము జరిగినది, ఎవరు గురుపట్ట మందుకొనిరి, ఏ యుద్ధమున ఎవరు నేలకొరిగిరి. ఇంగ్లండులో యేసుసభవారి స్టోనీహర్స్ట్ కళాశాల 1881లోనే తన పత్రికను వెలువరింప నారంభించెను. ఆ మర్యాదయే మన దేశపు దండు బడులకును ప్రాకెను. 1947 తరువాత ఆంగ్లో-ఇండియను కుటుంబములు పెక్కులు ఇంగ్లండునకును, ఆస్ట్రేలియాకును, కెనడాకును తరలిపోగా, ఆ కడపటి పుటలే చెదరిన బంధుత్వములకు చిరునామా పుస్తకములైనవి.

అయితే పూర్వవిద్యార్థుల ఈ బంధమునకు దొరల బడులే పుట్టినిల్లని తలంపరాదు. ఇటలీదేశపు ట్యూరిన్ నగరమున దిక్కులేని బాలురను చేరదీసిన డాన్ బోస్కో వద్ద కార్లో గస్టీని యను కుఱ్ఱవాడు పెరిగెను. అతడు మంగలి దుకాణమున పని నేర్చుకొనుచుండగా, కత్తి పట్టుట ఇంకను చేతకాని ఆ పసివానికి డాన్ బోస్కో తన గడ్డము నప్పగించి ధైర్యము చెప్పెనట. ఆ గస్టీనియే పెద్దవాడై, 1870 జూన్ 24వ తేదీన తోటి పూర్వవిద్యార్థులను కూడగట్టుకొని, గురువుగారి నామోత్సవమునకు చిన్న కాఫీ గిన్నెలు కానుకగా తెచ్చెను. నేడు అనేక దేశములలో శాఖోపశాఖలుగా విస్తరించిన సలేషియను పూర్వవిద్యార్థుల సంఘము తన పుట్టుకను ఆ గిన్నెల దినమునుండియే లెక్కించుకొనుచున్నది.

తెలుగునేలపై కతోలిక బడుల చరిత్రకు రెండు పాయలు గలవు. విశాఖపట్టణమున 1847లో సెయింట్ అలోషియస్ పాఠశాలయు, హైదరాబాదున 1855లో ఆల్ సెయింట్స్ పాఠశాలయు ఏర్పడినవి. ఇవి పట్టణపు బడులు. వీనికి భిన్నముగా కృష్ణా, గుంటూరు, కడప, కర్నూలు సీమలలో విచారణ గుడిని ఆనుకొని ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక మిషను) బళ్లును, బోర్డింగులును వెలసినవి. మాలపల్లెలనుండి, మాదిగపల్లెలనుండి ఒక పంచెతో వచ్చిన బాలుడు అచ్చట గంట కొట్టగానే లేచి, పూజ విని, తోటకు నీరు తోడి, సత్తు పళ్ళెమున అన్నము తిని, చదువు నేర్చెను; నేర్చి, ఉపాధ్యాయుడుగానో ఉపదేశిగానో మఱియొక పల్లెకు వెడలెను. ఊరి బడి అరుగు నెక్కనీయని కాలమున అతనికి పలక యిచ్చినది ఆ బోర్డింగే. ఇంత గొప్ప మార్పు ఏ వార్షిక సంచికలోను అచ్చు కాలేదు గదా యని నా మనస్సు మిక్కిలి నొచ్చుచుండును.

అచ్చు కాకున్నను ఆ సమాచారము పూర్తిగా నశింపలేదు. 1924లో ఆర్లాటి గురువుగారు తొలి పాలకులుగా విజయవాడ గుణదలలో ఒక అనాథ బాలుర శాల నెలకొన్నది. దానితోపాటే నేటి మేరీమాత పుణ్యక్షేత్రము పెంపొందినది. ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగు ఉత్సవమునకు లక్షలాది జనులతోపాటు దూరప్రాంతముల తెలుగు కతోలికులును వచ్చుచుందురు. ఒకే బోర్డింగులో చదివినవారు గుణదల కొండ దిగువ కలిసికొని మంచిచెడ్డలు చెప్పుకొనుటకు అదియే సభ, అదియే పత్రిక. ఇంతకంటె స్థిరమైన ఆధారము మఱియొకటి కలదు. ఒకని భద్రమైన అభ్యంగనము, వివాహము ఎచ్చట జరిగినను, ఆ వార్త అతడు జ్ఞానస్నానము పొందిన విచారణకు చేరవలెననియు, జ్ఞానస్నానపు పుస్తకమున అతని పేరుప్రక్క నమోదు కావలెననియు 1917 నాటి తిరుసభ చట్టము విధించినది. కోలారు గనులలో కూలికి కుదిరి అచ్చటనే పెండ్లియాడిన పల్లెటూరి బోర్డింగు పిల్లవాని వార్త, ఈ నియమము పాటింపబడిన చోట, తన స్వగ్రామపు పుస్తకపు అంచున చేరియుండును.

మిషను చేరదీసిన అట్టి పల్లెబాలుడొకడు నేడు ప్రపంచప్రసిద్ధుడు. కర్నూలు ప్రాంతపు పోలూరులో 1961లో జన్మించిన పూల అంతోని, పేదరికముచే 7వ తరగతితో చదువు మానుకొనవలసి రాగా, మిషనరీలు కడపకు కొనిపోయి మరల బడిలో చేర్చిరి. బెంగుళూరు సెయింట్ పీటర్స్ గురువిద్యాలయమున శిక్షణ పొంది, 1992లో గురుపట్టమంది, కర్నూలు మేత్రాణులై, పిదప హైదరాబాదు అగ్రపీఠము నధిష్ఠించి, 2022 ఆగస్టు 27న తొలి తెలుగు కార్డినలుగా, దళితులలో తొలి కార్డినలుగా పదవి నందిరి. 2025లో నూతన పోపును ఎన్నుకొన్న సభలోను కూర్చుండిరి.

విజయవాడలో 1953లో యేసుసభవారు స్థాపించిన ఆంధ్ర లొయోలా కళాశాల పూర్వవిద్యార్థులలో మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారును ఉండిరి. ఇట్టి పేర్లు సంస్థలకు గర్వకారణములగుట సహజమే. కాని యేసుసభ అధిపతి పెద్రో అరూపె 1973 జూలై 31న స్పెయిను దేశపు వలెన్సియాలో పూర్వవిద్యార్థుల మహాసభ నుద్దేశించి, మిమ్ములను న్యాయమునకై తీర్చిదిద్దితిమా యని ప్రశ్నించి, లేదని తానే ప్రత్యుత్తరమిచ్చెను. సభికులలో కొందఱు అలిగిరి. పరులకొఱకు జీవించు మనుష్యులను తయారుచేయుటయే విద్యాలక్ష్యమని ఆయన నొక్కి పలికెను. ఆ గీటురాతిపై చూచినచో, నెల జీతము చాలకున్నను, ముప్పదియేండ్లు ఒకే పల్లెలో ఓనమాలు దిద్దించిన ఆర్.సి.ఎం. మాస్టరుగారి పేరు పూర్వవిద్యార్థుల పుటలో మొదట రావలసియున్నది.

హూడి, వైట్‌ఫీల్డు ప్రాంతముల తెలుగువారు నేడు సెల్‌ఫోనులోని వాట్సాప్ బృందములలో తమ బోర్డింగు మిత్రుల కొత్త కొలువులను, గృహప్రవేశములను, అమెరికా ప్రయాణములను పంచుకొనుచున్నారు. వారికి నాదొక విన్నపము. ఈ సంక్రాంతికి ఊరికి పోయినపుడు తమకు అక్షరము నేర్పిన వృద్ధ ఉపాధ్యాయుని, లేదా ఉపదేశి తాతగారిని కూర్చుండబెట్టి, ఆయన ఏ బోర్డింగులో ఏ యేట చేరినారో, ఏ గురువులు చేర్చుకొన్నారో, మొదటి జీతమెంతయో, తోటివారెవరో, వారిప్పుడెచ్చట నున్నారో అడిగి, వ్రాసికొని, ఆ బృందములోనే ఉంచవలెను.