అణు విద్యుత్తు దారి మన ఊళ్ల మీదుగానే

మన చరిత్ర అనగానే జోడేఘాట్‌లో కొమురం భీం, నిర్మల్‌లో రాంజీ గోండు, మన్యంలో గాం గంటందొర, మల్లుదొర గుర్తుకొస్తారు. గుర్తుకు రావాల్సిందే. అయితే మన చరిత్ర వాళ్లతో ఆగిపోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఢిల్లీలో, బొంబాయిలో తీసుకున్న నిర్ణయాలు కూడా మన అడవుల్లోకి నడిచి వచ్చాయి. అణు విద్యుత్తు అలాంటిదే. మీ సైన్సు పుస్తకంలో అదొక పాఠం. మనకు అది చరిత్ర కూడా.

2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్ర ప్రభుత్వం ఒక లక్ష్యం ప్రకటించింది. 2047 నాటికి అణు విద్యుత్తు 100 గిగావాట్లకు, అంటే లక్ష మెగావాట్లకు చేరాలి. అప్పటికి ఉన్నది సుమారు 8 వేల మెగావాట్లు. ఇరవై రెండేళ్లలో పన్నెండు రెట్లు పెరగాలన్నమాట. ఇంత పెద్ద మాట ఎక్కడ మొదలైందో, దాని దారిలో మనం ఎక్కడున్నామో ముందు తెలుసుకుందాం.

1948లో అణుశక్తి సంఘం, 1954లో అణుశక్తి శాఖ ఏర్పడ్డాయి. రెండింటికీ నాయకుడు హోమీ భాభా. మన దేశంలో యురేనియం తక్కువ, సముద్రపు ఇసుకలో థోరియం ఎక్కువ. అందుకని ఆయన మూడు దశల పథకం వేశారు. మొదటి దశలో సహజ యురేనియంతో రియాక్టర్లు నడపాలి. వాటిలో పుట్టే ప్లుటోనియంతో రెండో దశ నడవాలి. చివరికి థోరియం దశకు చేరాలి. 1956లో ట్రాంబేలో అప్సర పరిశోధన రియాక్టర్ పనిచేసింది. 1969లో తారాపూర్ నుంచి కరెంటు వచ్చింది.

మొదటి దశకు రెండు వస్తువులు కావాలి. ఒకటి యురేనియం, రెండోది భారజలం. ఈ రెండూ ఆదివాసుల నేలతో ముడిపడ్డాయి.

యురేనియం మొదట దొరికింది ఇప్పటి జార్ఖండ్‌లోని జాదుగూడలో. సంతాలులు, హోలు, ముండాలు ఉండే నేల అది. 1967లో యురేనియం కార్పొరేషన్ ఏర్పడి అక్కడ గని నడిపింది. ఆ రాయి టన్ను పిండి చేస్తే కిలో యురేనియం కూడా రాదు. మిగిలినదంతా బురదగా మారి వ్యర్థాల చెరువుల్లోకి పోతుంది. రేడియం లాంటివి ఆ బురదలోనే ఉండిపోతాయి. చెరువుల పక్కనే ఊళ్లున్నాయి. అవయవ లోపాలతో పిల్లలు పుడుతున్నారని అక్కడి ఆదివాసులు ఏళ్ల తరబడి గొంతెత్తారు. డాక్టర్ల బృందాలు సర్వేలు చేసి ఆ మాటను బలపరిచాయి. కంపెనీ ఒప్పుకోలేదు. ఆ గనుల నుంచి వచ్చిన పదార్థమే హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయానికి చేరి ఇంధన కడ్డీలుగా తయారవుతుంది.

ఇక భారజలం. మామూలు నీటిలో ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి బరువైన హైడ్రోజన్ ఉంటుంది. దాన్ని వేరుచేసి కూడబెడితే భారజలం. మన భద్రాద్రి జిల్లా అశ్వాపురం దగ్గర ఆ ఫ్యాక్టరీ కట్టారు. కాగితాల్లో దాని పేరు మణుగూరు భారజల కర్మాగారం. ఏడాదికి 185 టన్నుల సామర్థ్యంతో 1991లో మొదలైంది. పక్కన గోదావరి నీళ్లు, దగ్గర్లో సింగరేణి బొగ్గు. కోయ ఊళ్ల మధ్య ఆ చోటును ఎంచుకోవడానికి కారణం అదే.

తరువాతి కథ మీలో కొందరు చూసిందే. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం తవ్వాలని 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. పక్కనే నాగార్జునసాగర్ జలాశయం. తండాల వాళ్లు వద్దన్నారు. ఆ గని ఇప్పటికీ రాలేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో మాత్రం గని వచ్చింది. వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు చెడిపోయాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదులు చేశారు. 2019 మేలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సరే అంది. వేల బోర్లు వేయాలన్నది పథకం. చెంచు పెంటలు కదిలాయి, అమ్రాబాద్, పదర మండలాల జనం రోడ్డెక్కారు, పట్నం చదువుకున్న యువత గొంతు కలిపింది. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

గెలిచాం కదా అని ఊరుకునే విషయం కాదిది. మన చేతిలో ఉన్న చట్టాలు, వాటిలో ఉన్న సందులు రెండూ తెలియాలి. అనంతగిరి మండలం గనుల మీద మొదలైన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు లీజులు చెల్లవంది. కానీ ప్రభుత్వ సంస్థలకు ఆ తీర్పు అడ్డు కాదు, యురేనియం తవ్వుతున్నది ప్రభుత్వ సంస్థే. 1996 పెసా చట్టం ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి. కానీ గనుల విషయంలో గ్రామసభ సిఫారసు తప్పనిసరి అన్నది చిన్నతరహా ఖనిజాలకే. యురేనియం ఆ జాబితాలో లేదు. 2006 అటవీ హక్కుల చట్టం బలమైనది. దాని ఆధారంగానే 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ గనిని కాదన్నాయి.

ఇప్పుడు కొత్త లక్ష్యంతో పాటు కొత్త నిబంధనలు వచ్చాయి. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంది. పెద్దగట్టులో జనం మాట్లాడింది అలాంటి సభలోనే. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు కొత్త అణుశక్తి చట్టం చేసి, అణు విద్యుత్ కేంద్రాల్లోకి ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచింది.

మేము కరెంటుకు వ్యతిరేకం కాదు. హాస్టల్లో రాత్రి చదువు వేళ కరెంటు పోతే పిల్లలు పడే అవస్థ మాకు తెలుసు. బొగ్గు పొగ తగ్గాలన్న మాటలోనూ నిజం ఉంది. మేము అడిగేది ఒక్కటే. దేశానికి వెలుగు కావాలంటే నేల, నీళ్లు ఇచ్చే వాళ్లను ముందుగా, వాళ్ల భాషలో అడగాలి. లాభంలో వాటా ఎంతో, ముప్పు వస్తే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాయాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు చేయగల పనులున్నాయి. మీ ఊరి అటవీ హక్కుల పట్టాలు, సామూహిక హక్కుల కాగితాలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే గ్రామసభలో దరఖాస్తు పెట్టించండి. గ్రామసభ తీర్మానం మీరే చదవండి. ఇంగ్లిషులో వచ్చిన నోటీసును పెద్దలకు కోయలోనో, గోండీలోనో, తెలుగులోనో వివరించండి. ఖాళీ కాగితం మీద ఎవరూ వేలిముద్ర వేయకుండా చూడండి. ఫ్యాక్టరీలు, గనులు రాకముందు ఆ నేల ఎలా ఉండేదో, భూమికి ఏమిచ్చారో, ఉద్యోగాలు ఎవరికొచ్చాయో చెప్పగల తాతలు, అవ్వలు ఇంకా ఉన్నారు. వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేసి, పేరు, ఊరు, తేదీ రాసి సంఘానికి పంపండి. ఆ పని ఈ ఏడాదే మొదలుపెడదాం.