పగిడేరు వేడి, అంబర్‌పేట వేడి

హైదరాబాద్‌లో విద్యానగర్ నుంచి ఉస్మానియా క్యాంపస్ మీదుగా తార్నాక చౌరస్తా చేరి ఉప్పల్ వైపు మళ్ళితే, హబ్సిగూడలో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వస్తుంది. జనం నోట ఎన్జీఆర్ఐ. ఎక్కడైనా భూమి కంపిస్తేనే దాని పేరు పత్రికలకెక్కుతుంది. 1961లో పుట్టిన ఈ సంస్థ తొలి ఏళ్ళలోనే తలకెత్తుకున్న మరో పని మాత్రం మన దృష్టికి రాలేదు. నేల అడుగు నుంచి పైకి ఎంత వేడి వస్తోందో కొలవడం ఆ పని.

దానికి లోతైన బోరు కావాలి. తీగకు కట్టిన ఉష్ణమాపకాన్ని అందులోకి దించి, లోతు పెరిగేకొద్దీ వేడి ఎంత పెరుగుతోందో రాసుకోవాలి. అక్కడి రాయి వేడిని ఎంత సులువుగా పోనిస్తుందో ప్రయోగశాలలో తేల్చాలి. రెంటినీ గుణిస్తే ఆ చోటి ఉష్ణ ప్రవాహం తెలుస్తుంది. ఎంతో ఓపిక ఉంటే తప్ప సాగని పని. గోదావరి లోయలో చేసిన ఈ కొలతలు 1970లో ‘టెక్టోనోఫిజిక్స్’ అనే అంతర్జాతీయ పత్రికలో అచ్చయ్యాయి.

ఆ లోయలోనే, మణుగూరు దగ్గరి పగిడేరులో బోర్లలోంచి మోటారు లేకుండానే వేడినీళ్ళు ఉబికి వస్తాయి. ఏళ్ళ తరబడి ఆ వేడి గాలిలో కలిసిపోయింది. ఇటీవలి కాలంలో సింగరేణి అక్కడ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం నెలకొల్పింది. తక్కువ వేడికే మరిగే ద్రవాన్ని ఆ నీళ్ళతో ఆవిరి చేసి, ఆ ఆవిరితో కరెంటు పుట్టిస్తారు. చిన్న కేంద్రమే. అయినా, నీరు మరిగేంత వేడి లేకున్నా దానితో పని చేయించవచ్చని తెలుగు నేల మీద రుజువు చేసింది. నా దృష్టిలో అది పెద్ద విషయం.

ద్రవం ఆవిరై మళ్ళీ ద్రవమయ్యే ఈ చక్రాన్నే తిరగేస్తే హీట్ పంప్. కరెంటు ఖర్చుపెట్టి, గోరువెచ్చని చోటి నుంచి వేడి లాగి, దాన్ని ఇంకా వేడిగా అందిస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు మూడు నాలుగు యూనిట్ల వేడి దక్కుతుంది. 1938లో జ్యూరిక్ నగర మందిరాన్ని లిమ్మాట్ నది నీటిలోని వేడితోనే వెచ్చబరిచారు. స్టాక్‌హోమ్‌లోని హమ్మర్‌బీ కేంద్రం 1986 నుంచి శుద్ధిచేసిన మురుగునీటి వేడిని గొట్టాల ద్వారా ఇళ్ళకు పంపుతోంది. ఆ క్రమంలో పుట్టే చల్లదనమూ వృథా పోదు, భవనాలను చల్లబరుస్తుంది.

ఇళ్ళు వెచ్చబరిచే అవసరం మనకు లేదు, నిజమే. వేడినీళ్ళు మాత్రం హాస్టల్ స్నానాలకూ, మెస్సులకూ, ఆస్పత్రులకూ ఏడాదంతా కావాలి. పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లార్చే డెయిరీలకైతే వేడీ చల్లదనమూ రెండూ ఒకేసారి కావాలి.

విద్యానగర్ పక్కనే అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం. సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. అంత నీటినీ 5 డిగ్రీలు చల్లబరిస్తే సుమారు 80 మెగావాట్ల ఉష్ణం చేతికొస్తుంది. ఇప్పుడదంతా మూసీ పాలవుతోంది. అందులో పదో వంతు పట్టుకున్నా క్యాంపస్ గీజర్లు చాలావరకు ఆపేయవచ్చు. ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాల 1929 నాటిది. మొదటి పనిగా ఆ కళాశాల విద్యార్థులు అంబర్‌పేట నీటి ఉష్ణోగ్రతను ఒక ఏడాది పాటు రోజూ నమోదు చేయాలి. విశ్వవిద్యాలయమూ జలమండలీ అందుకు ఈ విద్యా సంవత్సరంలోనే అనుమతి ఇవ్వాలి.