స్క్రోల్ సా: కాగితం మీది గీతను కొయ్యలో కోసే విద్య

పలుచని కొయ్య పలకలను సన్నని వంపులతో కోయడానికి వాడే చిన్న విద్యుత్ యంత్రం స్క్రోల్ సా. నిలువుగా బిగించిన సన్నని బ్లేడు ఒకేచోట పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. కోసేవారు కొయ్యను యంత్రపు బల్లపై ఉంచి, రెండు చేతులతో తిప్పుతూ, గీత వెంట బ్లేడుకు అందిస్తారు. పేర్ల ఫలకాలు, గోడ గడియారాలు, జంతువుల బొమ్మలు, చిత్రపు ముక్కల పజిళ్లు, రూపచిత్రాలు, జాలీ పెట్టెలు దీనిపై తయారయ్యే వస్తువుల్లో ముఖ్యమైనవి.

అనేక దేశాల్లో దీన్ని వృత్తిగా కంటే అభిరుచిగా సాధన చేసేవారే ఎక్కువ. వారు ఒకరితో ఒకరు పంచుకునేది ప్రధానంగా కాగితంపై గీసిన నమూనా. ఒక ఊరిలో గీసిన బొమ్మ వేరొక ఖండంలో కొయ్యగా మారుతుంది. గురువు చెంత ఏళ్ల తరబడి పనిచేసే అవకాశం లేనివారికి ఆ కాగితమే తొలి పాఠం. అయితే కాగితం చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. బ్లేడు నడక, ధూళి వల్ల కలిగే అపాయం, నమూనాపై హక్కు, అమ్మకపు నియమాలు అటువంటివి.

యంత్రం తీరు

స్క్రోల్ సా పనితీరుకు కుట్టుమిషను దగ్గరి పోలిక. సూది ఒకేచోట ఆడుతుండగా బట్టను చేతితో తిప్పినట్లే, ఇక్కడ కొయ్యను తిప్పుతారు. మన హార్డ్‌వేర్ దుకాణాల్లో ‘జిగ్ సా’ అని అడిగితే సాధారణంగా చేతితో పట్టుకుని నడిపే వేరొక పరికరాన్ని ఇస్తారు. అందులో కొయ్య కదలదు, యంత్రమే కదులుతుంది. బ్యాండ్ సాలో బ్లేడు మూసిన వలయంగా తిరుగుతుంది కాబట్టి దాన్ని పలక మధ్యలోని బెజ్జంలోకి దూర్చడం సాధ్యం కాదు. స్క్రోల్ సా బ్లేడును ఒక కొస విప్పి, బెజ్జంలోంచి దూర్చి, మళ్లీ బిగించవచ్చు. పలక అంచు తెగకుండా లోపలి భాగాన్ని మాత్రమే కోసే జాలీ పని ఈ సౌలభ్యంపైనే ఆధారపడి ఉంది. దీనినే ఫ్రెట్‌వర్క్ అంటారు.

బ్లేడుకూ యంత్రపు వెనుక భాగానికీ మధ్య ఉన్న దూరాన్ని బట్టి యంత్రపు పరిమాణాన్ని చెబుతారు. ప్రారంభకులు వాడే యంత్రాల్లో ఇది తరచుగా 16 అంగుళాలు ఉంటుంది. పెద్ద యంత్రాల్లో 20 అంగుళాలు, అంతకు మించి కూడా ఉంటుంది. 16 అంగుళాల యంత్రంతో 32 అంగుళాల వెడల్పు పలక నడిమి వరకు చేరుకోవచ్చు. చాలా యంత్రాలు 2 అంగుళాల మందం వరకు కోయగలవు. అభిరుచి పనుల్లో మాత్రం ఎనిమిదో వంతు అంగుళం నుంచి ముప్పావు అంగుళం వరకు మందం గల పలకల వాడకమే ఎక్కువ.

బ్లేడు ఎంపిక

సాధారణ బ్లేడు పొడవు 5 అంగుళాలు. బ్లేడ్లలో కొసన అడ్డపు పిన్ను ఉన్నవి, లేనివి అని రెండు రకాలున్నాయి. పిన్ను ఉన్నదాన్ని బిగించడం తేలిక. కాని అది దూరేందుకు పెద్ద బెజ్జం కావాలి. అందువల్ల సూక్ష్మమైన జాలీ పనికి పిన్ను లేని రకమే అనుకూలం. బ్లేడుకు ఇచ్చే సంఖ్య పెరిగేకొద్దీ దాని వెడల్పు, మందం పెరుగుతాయి. మధ్యస్థపు పనికి 5వ నంబరు, పలుచని పలకలకు అంతకంటే తక్కువ నంబర్లు, మందపాటి గట్టి కలపకు 7 లేదా 9 వాడతారు. కింది కొసన కొన్ని పళ్లు పైకి తిరిగి ఉండే బ్లేడ్లు పలక అడుగువైపు పెచ్చులు లేవకుండా కాపాడతాయి. చుట్టూ పళ్లున్న మెలిబ్లేడుతో కొయ్యను తిప్పకుండానే ఏ దిశలోనైనా కోయవచ్చు. అయితే దాని కోత వెడల్పుగా, అంచు గరుకుగా ఉంటుంది.

కొత్తవారిని తికమకపెట్టే అంశం మరొకటి ఉంది. సాధారణ బ్లేడ్లు తయారయ్యేటప్పుడు ఒక పక్కన సన్నని గరుకు అంచు మిగిలిపోతుంది. ఆ పక్క కొంచెం ఎక్కువగా కోస్తుంది కాబట్టి కొయ్యను తిన్నగా నెడితే కోత గీత నుంచి పక్కకు జరుగుతుంది. కొయ్యను కొద్దిపాటి కోణంలో అందిస్తే తప్ప అది గీతపై నిలవదు. ఆ కోణాన్ని ఏ నమూనా చూపలేదు. నాలుగైదు పనికిరాని ముక్కలపై సాధన చేస్తే చేతికి అదే తెలుస్తుంది.

నమూనా నుంచి వస్తువు దాకా

మొదట కొయ్య ఉపరితలాన్ని గరుకు కాగితంతో నునుపు చేస్తారు. దానిపై తేలికగా ఊడివచ్చే టేపు అతికించి, ఆ టేపుపై నమూనా కాగితాన్ని జిగురుతో అంటిస్తారు. ఇలా చేస్తే పని ముగిశాక కాగితం, జిగురు కొయ్యకు అంటుకోకుండా ఒక్కసారిగా లేచి వస్తాయి. మేపుల్, చెర్రీ వంటి గట్టి కలపలో కోత అంచు మాడి నల్లబడకుండా, కాగితంపై పారదర్శక ప్యాకింగ్ టేపు కూడా వేస్తారు.

తరువాత లోపల కోయవలసిన ప్రతి ఖాళీలోనూ సన్నని బెజ్జం వేస్తారు. కోతకు ఒక క్రమం ఉంది. ముందు లోపలి ఖాళీలు, వాటిలోనూ చిన్నవి మొదట, చివరికి వెలుపలి ఆకారం కోయాలి. వెలుపలి చట్రం ఉన్నంతసేపు పలకకు బలం ఉంటుంది, చేతికి పట్టు దొరుకుతుంది. ఈ క్రమం తప్పితే పూర్తికావచ్చిన జాలీ చివరి నిమిషంలో విరుగుతుంది.

ప్రధాన రీతులు

ఒకే యంత్రంపై సాధన చేసే రీతులు పలు విధాలు. మూడు నాలుగు పలుచని పలకలను ఒకదానిపై ఒకటి బిగించి ఒకేసారి కోయడం దొంతర కోత. ఒక దిమ్మె రెండు పక్కలా నమూనా అంటించి, మొదటి పక్క కోసి, తెగిన ముక్కలను టేపుతో యథాస్థానంలో కట్టి, రెండో పక్క కోస్తే లోపలి నుంచి పూర్తి ఆకారం బయటపడుతుంది. చదరంగపు పావులు, చిన్న జింక బొమ్మలు ఈ విధంగా చేస్తారు. యంత్రపు బల్లను వంచి ఒకే పలక నుంచి ఏటవాలు వలయాలను కోసి, వాటిని పేర్చి అంటిస్తే గిన్నె తయారవుతుంది.

ఇంటార్సియాలో వేర్వేరు సహజ వర్ణాల కలప ముక్కలను కోసి, ఒక్కొక్కదాన్ని గుండ్రంగా అరగదీసి, ఆధార ఫలకంపై అమరుస్తారు. పక్షి రెక్కలోని తెలుపు ఒక చెట్టుది, గోధుమ వర్ణం మరొక చెట్టుది అవుతుంది. రంగు పూయవలసిన అవసరం ఉండదు. రూపచిత్రాల పద్ధతి దీనికి భిన్నం. ఛాయాచిత్రాన్ని కేవలం నలుపు తెలుపు భాగాలుగా మార్చి, నల్లని భాగాలను కోసివేసి, వెనుక నల్లని పలక అమరుస్తారు. మిగిలే ప్రతి తెల్లని భాగమూ ఎక్కడో ఒకచోట చట్రానికి అంటి ఉండాలి. లేకపోతే అది కిందికి రాలిపోతుంది. ఈ సన్నని వంతెనలను కంటికి కనబడకుండా అమర్చడంలోనే నమూనా గీసేవారి నేర్పు ఉంది.

చరిత్ర

ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఆస్థానంలో పనిచేసిన దారుశిల్పి ఆంద్రే షార్ల్ బూల్ (1642–1732) తాబేటి చిప్ప, ఇత్తడి రేకులను దొంతరగా ఉంచి సన్నని రంపంతో ఒకేసారి కోయించేవాడు. అందువల్ల చిప్పలో ఇత్తడి, ఇత్తడిలో చిప్ప ఒదిగే రెండు జంట అలంకారాలు లభించేవి. నేటి దొంతర కోతకు ఇది పూర్వరూపం. 1760లలో లండన్‌కు చెందిన జాన్ స్పిల్స్‌బరీ కొయ్యకు అంటించిన భూపటాలను దేశాల సరిహద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళం నేర్పే సాధనాలుగా విక్రయించాడు. జిగ్ సా పజిల్ చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది.

19వ శతాబ్దపు రెండో భాగంలో కాలితో తొక్కే రంపపు యంత్రాలు ఐరోపా, అమెరికా ఇళ్లలోకి ప్రవేశించాయి. నమూనాను ప్రజల ఇంటికి చేర్చిన ఘనత ఆనాటి పత్రికలది. ఇంగ్లండ్‌లోని డేరమ్ పట్టణానికి చెందిన హాబీస్ సంస్థ 1895లో ప్రారంభించిన వారపత్రిక వీటిలో ప్రసిద్ధం. యంత్రం, బ్లేడు, పలక, నమూనా పత్రం అన్నీ ఒకేచోట దొరకడంతో వడ్రంగి కుటుంబాలకు చెందనివారు కూడా ఈ పని చేపట్టారు. 1930లలో ఆర్థిక మాంద్యం అమెరికాను కుంగదీసినప్పుడు, పని కోల్పోయిన వడ్రంగులు కొందరు ఇంటివద్దే పజిళ్లు కోసి అమ్మారు. గ్రంథాలయాలు, మందుల దుకాణాలు వాటిని అద్దెకు ఇచ్చేవి.

తొలి యంత్రాల్లో బ్లేడ్లు తరచుగా తెగిపోయేవి. పై చేయి, కింది చేయి సమాంతరంగా కలిసి కదిలే అమరికతో జర్మనీకి చెందిన హెగ్నర్ 1970లలో తెచ్చిన యంత్రం ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. 1980లలో అమెరికా రచయిత ప్యాట్రిక్ స్పీల్‌మన్ నమూనా గ్రంథాలు ఈ అభిరుచికి మళ్లీ ప్రాచుర్యం కల్పించాయి.

భారతదేశంలో పోలికలు

సన్నని రంపంతో కోసే పని మనకు కొత్తది కాదు. మైసూరు రోజ్‌వుడ్ పొదుగు పనిలో కళాకారులు వేర్వేరు వర్ణాల కలపను సన్నని రంపంతో కోసి, ముదురు రంగు పలకలో తొలిచిన గుంటల్లో పొదుగుతారు. భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన ఈ కళలో ఒకప్పుడు ఏనుగు దంతం వాడేవారు. దంతపు వ్యాపారంపై నిషేధం తరువాత ఇతర పదార్థాలు ఆ స్థానంలోకి వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పుర్ జాలీ పనికి ప్రసిద్ధి. ఏటికొప్పాక లక్కబొమ్మలను మాత్రం తిరిగే కొయ్యపై ఉలి ఆనించి చేస్తారు. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కొయ్యను చెక్కి చేసేవి. వాటికి స్క్రోల్ సా పనితో సాంకేతిక సంబంధం లేదు.

తెలుగు అక్షరాల కోత

వంపులతో నిండిన తెలుగు లిపి ఈ యంత్రానికి సహజంగా ఒదుగుతుంది. అయితే విడివిడి భాగాల వల్ల ఒక చిక్కు వస్తుంది. ‘అమ్మ’ అనే పదాన్ని కోస్తే, చాలా అచ్చు రూపాల్లో కింది మకార వత్తు పై అక్షరాన్ని తాకదు కాబట్టి అది వేరే ముక్కగా రాలుతుంది. సున్న, విసర్గలదీ అదే పరిస్థితి. అక్షరాన్ని ఖాళీగా కోసి చుట్టూ పలకను నిలిపే పద్ధతిలో సమస్య తలకిందులవుతుంది: సున్న నడిమి బిళ్ల, ‘ర’, ‘ఠ’ల లోపలి భాగాలు ఊడిపోతాయి. రోమన్ లిపికి గీసిన నమూనాల నియమాలు ఇక్కడ సరిపోవు. వత్తును పై అక్షరానికి కాస్త ఆనేట్లు గీయడం, పదం కింద ఒక అడ్డపట్టీ ఉంచడం, లేదా ముక్కలన్నిటినీ వేరొక రంగు పలకపై అంటించడం దీనికి పరిష్కారాలు.

నమూనాపై హక్కు, అమ్మకానికి నియమం

ఉచితంగా లభించే నమూనా అంటే హక్కులు లేని నమూనా అని అర్థం కాదు. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రెండు కొలతల చిత్రాన్ని మూడు కొలతల వస్తువుగా రూపొందించే హక్కు కూడా ఆ చిత్రకారునిదే. ఆ హక్కు చిత్రకారుని జీవితకాలంతో పాటు మరణానంతరం 60 ఏళ్లు కొనసాగుతుంది. నమూనాకర్తల్లో చాలామంది సొంత వాడకానికి అనుమతిస్తారు. కొందరు తయారైన వస్తువును పరిమిత సంఖ్యలో అమ్ముకోనిస్తారు. నమూనాను మరొకరికి అమ్మడానికి మాత్రం సాధారణంగా ఒప్పుకోరు. ఛాయాచిత్రం ఆధారంగా రూపచిత్రం కోసేటప్పుడు ఛాయాగ్రాహకుని హక్కునూ గమనించాలి. వస్తువుతో పాటు నమూనాకర్త పేరును పేర్కొనడం ఈ అభిరుచిలో స్థిరపడిన మర్యాద.

బొమ్మలు అమ్మదలచినవారికి మరొక నిబంధన వర్తిస్తుంది. 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లల కోసం ఉద్దేశించిన బొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ ధ్రువీకరణ తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారుల ఉత్పత్తులకు, భౌగోళిక సూచిక పొందిన బొమ్మలకు మినహాయింపు ఉంది. సాయంకాలపు కాలక్షేపంగా కోసిన జంతువుల పజిల్‌ను అమ్మకానికి పెట్టినవారు ఆ క్షణం నుంచి తయారీదారు బాధ్యతలోకి వస్తారు. ధ్రువీకరణ సంగతి ఎలా ఉన్నా, పసిపిల్లలు మింగగలిగినంత చిన్న ముక్కలు చేయకూడదు. నోట పెట్టుకున్నా హాని చేయని పూత మాత్రమే వాడాలి.

ధూళి, చేతుల భద్రత

కొయ్య రంపాల్లో స్క్రోల్ సాను ప్రమాదం తక్కువ గల యంత్రంగా పరిగణిస్తారు. అసలు అపాయం కంటికి ఆనని ధూళిలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కొయ్య ధూళిని మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. రోజ్‌వుడ్ వంటి కలపల పొట్టు కొందరిలో చర్మపు ఎలర్జీ కలిగిస్తుంది. ఎండీఎఫ్ పలకల్లో ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. బ్లేడు దగ్గర పొట్టును ఊదివేసే గొట్టం గీత కనబడేందుకు తోడ్పడుతుంది కాని, ఆ ధూళిని గదిలోకే పంపుతుంది. కాబట్టి ధూళిని పీల్చే ఏర్పాటు, సూక్ష్మకణాలను ఆపే మాస్కు, గాలి వచ్చే చోటు, కళ్లద్దాలు అవసరం. తలుపులు మూసిన పడకగదిలో యంత్రాన్ని నడపడం తగదు. బ్లేడు మార్చేటప్పుడు విద్యుత్ ప్లగ్గును తీసివేయాలి.

కొత్తగా ప్రారంభించేవారు ముప్పావు అంగుళం మెత్తని కలప పలక, 5వ నంబరు బ్లేడు, లోపలి ఖాళీలు లేని ఒక సాదా ఆకారంతో మొదలుపెట్టడం మంచిది. గీతపై కోత నిలవడం అలవాటయ్యాక ఒకటి రెండు బెజ్జాలున్న నమూనా, ఆ తరువాతే జాలీ పని చేపట్టాలి. నమూనాను ఇతరులకు పంచేవారు గీతతో పాటు పలక మందం, బ్లేడు నంబరు, కోత క్రమం, వాడకపు షరతులను కూడా ఆ కాగితం మీదే రాస్తే, దాన్ని అందుకునేవారికి ఎంతో మేలు చేసినవారవుతారు.