గోడలు లేని అర్థశాస్త్ర తరగతి

హైదరాబాదునుండి నాగపూరునకు పోవు రహదారిపై, మేడ్చలునకు ముందు కండ్లకోయ ఉన్నది. ఇచట ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. యంత్రవిద్య నేర్వవచ్చినవారికి అర్థశాస్త్రమెందుకని కొందరు అడుగవచ్చును. వస్తువును తయారుచేయుటతో పని ముగియదు. దాని ఖర్చును, ధరను లెక్కింపవలెను. కనుకనే జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు 2018 పాఠ్యప్రణాళికలో వ్యాపార అర్థశాస్త్రమునకు చోటు దొరికినది. తరగతిలో విన్నది చాలనివారికి నేడు అంతర్జాలములో ఉచిత పాఠములు లభించుచున్నవి. ఈ సదుపాయము ఒక్కనాట వచ్చినది కాదు.

1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. భారతదేశములో ఇట్టి విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. ఆచార్య జి. రాంరెడ్డి దీనికి తొలి ఉపకులపతి. ఇంటర్మీడియెట్ చదువనివారు సైతము అర్హత పరీక్షలో నెగ్గి బి.ఏ.లో చేరగలిగిరి. తెలుగు పాఠ్యగ్రంథములను ఇంట చదువుకొని, సందేహములు తీర్చుకొనుటకు అధ్యయన కేంద్రమునకు పోయెడివారు. 1991లో దీనికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టిరి.

తరువాత పాఠము అంతర్జాలమునకెక్కినది. 2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయము ఒక పాఠ్యక్రమమును అందరికిని తెరచినది. రుసుము చెల్లించినవారు సుమారు 25 మంది. ఉచితముగా చేరినవారు 2,200 మందికి పైగా! 2012లో అమెరికాలో టైలర్ కోవెన్, అలెక్స్ టాబరాక్ అను ఆచార్యులు అర్థశాస్త్రమునకే ఇట్టి వేదికను నెలకొల్పిరి. మన దేశములో 2017 జూలైలో 'స్వయం' ప్రారంభమైనది. దృశ్యపాఠము, పఠనసామగ్రి, స్వయంపరీక్ష, చర్చ అనునవి దీనికి నాలుగు అంగములు. విద్యార్థి తన చదువులో 40 శాతము వరకు పాఠ్యాంశములను దీనిద్వారా పూర్తిచేయుటకు 2021 నిబంధనలు వీలు కల్పించినవి.

అయితే తలుపు తెరచినంతనే చదువు వచ్చునా? ఒక ఉదాహరణ చూడుడు. సంతకు 100 బుట్టల టమాటా వచ్చినపుడు బుట్ట 200 రూపాయలు పలికినదనుకొందము. రైతులకు 20,000 వచ్చును. పంట బాగుగా పండి 130 బుట్టలు రాగా ధర 120కి దిగినచో వచ్చునది 15,600 మాత్రమే. ధర తగ్గినంత మాత్రమున జనులు టమాటాలను అంతగా ఎక్కువ కొనరు. దీనినే అవ్యాకోచ డిమాండు అందురు. దృశ్యపాఠములో ఈ రేఖాచిత్రమును విద్యార్థి పదిసార్లు చూడవచ్చును. కాని "మరి మా నాన్న ఏమి చేయవలెను?" అను ప్రశ్నకు బదులు చెప్పుటకు మనిషి కావలెను.

ఇట్టి ఉచిత పాఠములలో చేరువారు వేలకొలది. చివరివరకు నిలుచువారు కొందరే. 1982 నాటివారు పుస్తకముతోపాటు అధ్యయన కేంద్రమును కూడ ఏర్పరచిరి. అంతర్జాల పాఠము ప్రక్కన, విద్యార్థి భాషలో మాటాడు అధ్యాపకుడు ఉన్నప్పుడే ఆ తెరచిన తలుపు సార్థకమగును.